పందెం ఒక పేజీలో, ప్రాణం ఒక పేజీలో

గంభీరావుపేట చాయ్ హోటళ్లలో పొద్దున్నే వచ్చిన పేపరు పది నిమిషాల్లో విడిపోతుంది. మెయిన్ షీటు పెద్దమనుషులకు, జిల్లా ఎడిషన్ రైతులకు, ఆటల పేజీ పోరగాళ్లకు. నర్మాల దగ్గర ఎగువ మానేరు మత్తడి దుంకిందా, వడ్ల కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారు, సిరిసిల్ల మరమగ్గాలకు ఆర్డర్లు వచ్చాయా, గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల సంగతేమైంది అని ఎవరికి కావలసింది వాళ్లు వెతుక్కుంటారు. గుర్రప్పందేల వార్త మాత్రం ఎవరూ వెతకరు. తెలుగు పేపర్లలో అది దాదాపు ఉండదు కూడా. ‘గుర్రాలా? అది పట్నపోళ్ల ముచ్చట’ అని తీసిపారేసే ఊళ్లివి.

పట్నపోళ్ల ముచ్చటే, కాదనను. కానీ పందెం పట్నం దాటి చాలా కాలమైంది. పందెం గురించి రాయాల్సిన తీరులో మన పేపర్లు మాత్రం ఇంకా పట్నం దాటలేదు. మలక్‌పేట రేస్‌కోర్సుకూ గంభీరావుపేట జిల్లా పేజీకీ మధ్య ఉన్న ఈ ఖాళీ గురించే ఈ కథనం.

ముందు ఊరి సంగతి. గంభీరావుపేట రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా కరీంనగర్ కింద ఉండేది. ఊళ్లో సీతారామస్వామి గుడి ఉంది. అందులో నందాదీపం కాకతీయ ప్రతాపరుద్రుడి కాలం నుంచి ఏడు వందల ఏళ్లుగా ఆరకుండా వెలుగుతోందని ఊరంతా నమ్ముతుంది. మండలంలోని నర్మాల దగ్గర నిజాం కాలంలో మొదలైన ఎగువ మానేరు ప్రాజెక్టు ఉంది. 2025 ఆగస్టు చివరి వానలకు ఆ మానేరు పొంగి, వాగు అవతల చిక్కుకున్న రైతులను హెలికాప్టర్‌తో బయటికి తెచ్చినప్పుడు ఈ మండలం పేరు దేశమంతా వినబడింది. కేజీ నుంచి పీజీ దాకా ఒకే ప్రాంగణంలో చదివేలా కట్టిన సర్కారు విద్యాలయం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇక గల్ఫ్ బాట పట్టినవాళ్లు లేని వాడ ఇక్కడ అరుదు.

గుర్రాలు ఈ నేలకు కొత్తేమీ కాదు. ఆ దీపం వెలిగించిన కాకతీయుల సైన్యానికి గుర్రాలు అరబ్బు దేశాల నుంచి సముద్రం మీద వచ్చేవి. బయటి వర్తకులు భయం లేకుండా రావచ్చని గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో, తమిళ తీరంలోని రాజ్యం ఏటా వేల గుర్రాలు కొంటుందనీ, సాకడం సరిగ్గా రాక వాటిలో చాలా భాగం ఏడాది తిరక్కుండానే చచ్చిపోతాయనీ రాసిపెట్టాడు. గుర్రాన్ని తెచ్చుకోవడం తెలిసి, చూసుకోవడం తెలియకపోతే జరిగేది అదే. ఆయన రాసింది ఏడు వందల ఏళ్ల కిందట. 2025లో హైదరాబాద్ గుర్రాలకు జరిగింది చదివితే అదే మాట మళ్లీ గుర్తుకొస్తుంది. అక్కడికి వస్తాను.

అరబ్బు గుర్రాలు తర్వాత ఇంగ్లండుకూ వెళ్లాయి. 1704లో అలెప్పో నుంచి తీసుకెళ్లిన డార్లీ అరేబియన్‌తో పాటు మరో రెండు పోతుగుర్రాల సంతతే ఇవాళ ప్రపంచమంతా పరుగెడుతున్న థరోబ్రెడ్ జాతి. 1791 నుంచి వాటి వంశావళిని పుస్తకంలో ఎక్కిస్తున్నారు. ఆ జాతినీ, ఆ పందేన్నీ బ్రిటిష్‌వాళ్లు మన దేశానికి తెచ్చారు. మద్రాసు గిండీలో పందేలు 1777 నాటికే ఉన్నాయి. హైదరాబాద్‌లో 1868లో మౌలాలీ దగ్గర మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు, తన మహబూబ్ మాన్షన్ పక్కకు తెప్పించుకున్నాడు. హైదరాబాద్ రేస్ క్లబ్ ఇప్పటికీ అక్కడే ఉంది. వానాకాలం సీజన్, చలికాలం సీజన్ అని ఏటా రెండు విడతలు. వానాకాలం సీజన్‌కు పెద్ద పందెం దక్కన్ డెర్బీ, అక్టోబర్ 2న నడిపే ఆనవాయితీ.

మలక్‌పేటలో పందెం మొదలయ్యే ముందు గుర్రాలను ప్యాడక్‌లో తిప్పుతారు. ఒక్కో గుర్రం పగ్గం ఒక సైసు, అంటే దాన్ని సాకే మనిషి, చేతిలో ఉంటుంది. గుర్రం ఒళ్లు అద్దంలా మెరుస్తుంటుంది, వీపు మీద అంకె వేసిన గుడ్డ. కంచె అవతల జనం చేతిలో రేసు పుస్తకం, చెవి మీద పెన్ను. వాళ్లు చూసేది గుర్రం నడకను, చెమటను, చెవులు నిలబెట్టిన తీరును. జాకీ ఎక్కగానే కళ్లు పందేల లెక్క చూపే టోట్ బోర్డు మీదికి మళ్లుతాయి. పరుగు ఒకటి, ఒకటిన్నర నిమిషాల్లో అయిపోతుంది. గెలిచిన గుర్రం పేరు అరిచే గొంతుల మధ్య, ఓడిన గుర్రం జీను విప్పుకుని వెనక దారిలో లాయానికి పోతుంది. దాన్ని చూసేవాళ్లుండరు. పేపర్లో రాసేవాళ్లూ లేరు.

మరి పేపర్లో ఏం రాస్తారు? ఇంగ్లిష్ పేపర్ల ఆటల పేజీ అడుగున చిన్న అక్షరాల పెట్టె ఒకటి ఉంటుంది. చీమల బారులాంటి ఆ పెట్టెను ఓపికగా చదివితే అందులో ఒక లోకమే ఉంది. గుర్రం పేరు, దాని తండ్రి, తల్లి పేర్లు, జాకీ, అతను ఎక్కిన గుర్రం మోసిన బరువు కిలోల్లో. గెలుపు తేడాను గుర్రం ఒంటితోనే కొలుస్తారు: ఒక లెంగ్త్, నెక్, హెడ్, మరీ తక్కువైతే నోస్. సమయం సెకనులో వందో వంతు వరకు ఇస్తారు. తర్వాత డివిడెండ్లు, అంటే గెలిచిన పందేలకు వచ్చే పైసలు. గెలిచే గుర్రం మీద కాస్తే విన్, ముందు వరసలో వచ్చే గుర్రం మీద కాస్తే ప్లేస్. మొదటి రెండు గుర్రాలనూ వరసగా చెబితే ఫోర్‌కాస్ట్, వరస అక్కర్లేకపోతే క్వినెల్లా, మూడింటినీ వరసగా చెబితే టనాలా. చివర ఓనరు పేరు, ట్రైనరు పేరు. పొద్దున పూట సాధన చేసిన గుర్రాలు ఎన్ని మీటర్లు ఎన్ని సెకన్లలో ఉరికాయో కూడా పందేనికి ముందే అచ్చవుతుంది.

ఇంత పొందికైన వార్త పేపర్లో మరొకటి కనబడదు. అయినా అందులో లేనివే నన్ను కలవరపెడతాయి. కుంటుతూ ఆగిపోయిన గుర్రం ఏమైందో ఉండదు. జాకీ ఎన్ని దెబ్బలు వేశాడో ఉండదు. ఏడెనిమిదేళ్ల వయసుకే పరుగు మానేసిన గుర్రం, ఇంకా ఇరవై ఏళ్లు బతకగల ప్రాణి, ఎక్కడికి పోయిందో ఉండనే ఉండదు. అదంతా పందెం కాసేవాడి కోసం రాసిన వార్త. గుర్రం కోసం రాసింది కాదు, ఊరి కోసం రాసింది అసలే కాదు.

చట్టం సంగతి చూడండి. తెలంగాణ గేమింగ్ చట్టం 1974 నాటిది. జూదం అంటే ఏమిటో అది వివరంగా చెబుతూ గుర్రప్పందేన్ని పక్కన పెట్టింది. పందెం జరిగే రోజున, రేస్‌కోర్సు లైసెన్సు ప్రకారం కేటాయించిన ఆవరణలో కాసే పందెం జూదం కింద రాదు. ఆ లైసెన్సు మూలం ఇంకా పాతది. ఫసలీ 1358లో, అంటే పోలీస్ చర్య జరిగాక, హైదరాబాద్ రాజ్యానికి చేసిన గుర్రప్పందేల నిబంధన అది. తర్వాత 1996లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని తేల్చింది. రమ్మీకి కూడా అలాంటి మినహాయింపే ఉండేది. 2017లో తెలంగాణ సర్కారు దాన్ని తీసేసింది. మొత్తానికి తేలింది ఇది: గంభీరావుపేట మండలంలో ఏ మామిడి తోటలోనో నలుగురు పైసలు పెట్టి పేకాడితే పోలీసులు వస్తారు, జిల్లా పేజీలో ‘పేకాట స్థావరంపై దాడి’ అని ఫొటోతో సహా పడుతుంది. మలక్‌పేట ఆవరణలో లక్షలు కాస్తే ఆటల పేజీలో డివిడెండ్ పడుతుంది. ఈ రెండూ ఒకే సమాజం రాసుకున్న చట్టమని చదివేవాడికి తెలియజెప్పే పేజీ ఏదీ లేదు.

పన్ను సంగతి ఇంకా చిత్రం. 2025 సెప్టెంబర్ 10న బ్రిటన్‌లో గుర్రప్పందేల లోకం సమ్మె చేసింది. లింగ్‌ఫీల్డ్, కార్లైల్, యుటాక్సిటర్, కెంప్టన్ మైదానాల్లో ఆ రోజు పందేలు ఆపేశారు. ఆధునిక కాలంలో తమంత తాము పందేలు మానుకోవడం అక్కడ అదే మొదటిసారి. ఓనర్లు, ట్రైనర్లు, జాకీలు అందరూ లండన్ వెళ్లి పార్లమెంటు సభ్యులకు గోడు చెప్పుకున్నారు. కారణం, ఆన్‌లైన్‌లో గుర్రాల మీద కాసే పందేలపై ఉన్న 15 శాతం పన్నును ఆన్‌లైన్ కాసినోల 21 శాతంతో కలిపేస్తారన్న భయం. పత్రికలు వారాల తరబడి దాన్ని మోశాయి. నవంబర్ 26న వచ్చిన బడ్జెట్‌లో గుర్రాల పన్ను 15 దగ్గరే ఉండిపోయింది. ఆన్‌లైన్ కాసినోల పన్ను మాత్రం 40 శాతానికి పెంచారు.

ఆ సమ్మెకు సరిగ్గా వారం ముందు, సెప్టెంబర్ 3న, మన జీఎస్టీ కౌన్సిల్ గుర్రప్పందేలను 28 శాతం నుంచి 40 శాతంలోకి మార్చింది. అదే నెల 22 నుంచి అమలైంది. లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. బ్రిటన్‌లో పన్ను పడేది బుకీకి మిగిలినదాని మీద. వంద పౌండ్ల పందేలు వచ్చి, తొంభై పౌండ్లు గెలిచినవాళ్లకు పంచితే, మిగిలిన పది మీద 15 శాతం, అంటే ఒకటిన్నర పౌండు. మన దగ్గర కాసిన మొత్తం విలువ మీదే పన్ను. వంద రూపాయల పందేనికి ఇప్పుడు నలభై రూపాయలు. గెలిచినా అంతే, ఓడినా అంతే.

పందెం మీద పన్ను ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. నాకూ పందెం కాసేవాళ్ల మీద పెద్ద జాలి లేదు. కానీ లెక్కలో ఇంత తేడా ఉన్నప్పుడు ఆవరణలో కౌంటర్ దగ్గర కాసేవాడు ఎటు పోతాడు? పన్ను కట్టని బుకీ దగ్గరికి, ఫోన్లోకి. ఫోన్ గంభీరావుపేటలోనూ ఉంది. జీఎస్టీ మారిన ఆ వారం తెలుగు పేపర్లు టీవీలు, సబ్బులు, బైకులు ఎంత అగ్గువ అవుతాయో పట్టికలు వేశాయి. ఆ పట్టికల కింద, శీతల పానీయాల సరసన, పందేలు అన్న ఒక్క మాట ఉంది. అంతటితో సరి.

బ్రిటన్ పత్రికలను పొగడడానికి ఇది రాయడం లేదు. అక్కడి కథలోనూ ముళ్లున్నాయి. గుర్రప్పందేల కోసమే ‘స్పోర్టింగ్ లైఫ్’ అనే పేపరు 1859లో పుట్టింది. 1986లో ‘రేసింగ్ పోస్ట్’ వచ్చింది. దాన్ని పెట్టించింది ఇంగ్లండువాడు కాదు, ఇప్పుడు దుబాయ్ పాలకుడైన షేక్ మహమ్మద్. 1998లో ‘లైఫ్’ మూతపడి ‘పోస్ట్’ ఒక్కటే మిగిలింది. బ్రిటన్ మైదానాల్లో నీలం రంగు చొక్కాలతో ఉరికే గొడాల్ఫిన్ గుర్రాలు కూడా ఆయనవే. 2013లో ఆ లాయంలోనే గుర్రాలకు స్టెరాయిడ్లు ఎక్కించినట్టు తేలి, ఒక ట్రైనర్‌పై ఎనిమిదేళ్ల నిషేధం పడింది. మన ఊళ్లనుంచి వెళ్లినవాళ్లు భవనాలు కట్టే దుబాయ్‌లో 1996 నుంచి ప్రపంచ కప్పు పందెం జరుగుతోంది. 2010లో దానికి మేదాన్ అనే మహా మైదానం కట్టారు. చూడడానికి వెళ్లొచ్చు గానీ అక్కడ పందెం కాయడం కుదరదు. పందెం కాసేవాళ్లకు దినపత్రిక పెట్టిన మనిషి సొంత గడ్డ మీది సంగతి ఇది.

అయితే ఆ పత్రికలు, టీవీలు ఒక పని చేశాయి. ఓడిన గుర్రం వెనక నడిచాయి. 2021లో ఐర్లాండ్ ట్రైనర్ గోర్డన్ ఇలియట్ చచ్చిన గుర్రం మీద కూర్చున్న ఫొటో బయటికొచ్చింది. దాన్ని మొదటి పేజీల్లో వేశారు. ఏడాది నిషేధం పడింది, అందులో ఆరు నెలలు మాఫీ. అదే ఏడాది జులైలో బీబీసీ ‘పనోరమా’ బృందం, పరుగు మానేసిన గుర్రాలు కబేళాకు చేరే దారిని చూపించింది. ఫలితంగా 2022 జనవరి నుంచి, మాంసం కోసం వాడబోమని పాస్‌పోర్టులో రాయించని గుర్రాన్ని బ్రిటన్‌లో పందేనికి దింపనివ్వడం లేదు. 2023లో బ్రిటన్‌లోని పెద్ద అడ్డంకుల పందెం గ్రాండ్ నేషనల్ రోజున జంతు హక్కుల కార్యకర్తలు మైదానంలోకి చొచ్చుకుపోయారు, పందెంలో ఒక గుర్రం చచ్చిపోయింది. మరుసటి ఏడాది 40 గుర్రాల పందేన్ని 34కు తగ్గించారు. కొరడా దెబ్బలకు కూడా లెక్క పెట్టారు. అడ్డంకులు లేని పందెంలో ఆరు, అడ్డంకుల పందెంలో ఏడు. ఇవన్నీ చాలని చెప్పను. కానీ వార్త రాశాక నిబంధన మారింది.

ఇప్పుడు మన గుర్రాల దగ్గరికి వద్దాం. 2025 ఏప్రిల్ చివర, మే మొదటి రోజుల్లో హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను లారీల్లో మధ్యప్రదేశ్‌లోని జబల్పూర్ దగ్గర ఒక పల్లెకు తోలుకెళ్లారు. రోహిణి ఎండలకు ముందే భగభగలాడే కాలం. మేలో రెండు వారాలు గడిచేసరికే ఎనిమిది గుర్రాలు చచ్చిపోయాయి. తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. గుర్రాలకు సోకే గ్లాండర్స్ రోగం అనుమానంతో నెత్తురు నమూనాలు హర్యానాలోని హిసార్ పరిశోధన కేంద్రానికి పోయాయి. అది గ్లాండర్స్ కాదని తేలింది. వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టుకు ఎక్కింది. ఈ గుర్రాలను హైదరాబాద్‌లో పరుగు తీయించి, ఆ పరుగును విదేశాల్లో ఆన్‌లైన్ పందేలకు చూపించారని జంతు హక్కుల సంఘాలు ఆరోపించాయి. తేల్చాల్సింది కోర్టులు, విచారణ అధికారులు.

నేను అడిగేది వేరే. యాభై ఏడు గుర్రాలు మన రాజధాని నుంచి లారీలెక్కేదాకా మన పేపర్లకు ఎందుకు తెలియలేదు? వాటి చావు వార్త కూడా జబల్పూర్ నుంచి వచ్చింది, మలక్‌పేట నుంచి కాదు. గుర్రాల వయసు, బరువు, పరుగు తీసిన సెకన్లు అచ్చేసే దేశంలో, వాటికి దాణా అందిందో లేదో ఎక్కడా అచ్చు కాలేదు. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. గెలిచే గుర్రానికీ ఓడిన గుర్రానికీ దాణా ఖర్చు ఒకటే. ఓడాక ఆ ఖర్చు పెట్టేవాడు ఎవరన్నదే అసలు వార్త.

పట్నం ముచ్చట అనుకునే పల్లెకు ఒక మాట. పొలంలో కట్లపామో రక్తపింజరో కరిస్తే సర్కారు దవాఖానలో ఎక్కించే మందు గుర్రాల నుంచే వస్తుంది. పాము విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కించి, దాని నెత్తురులో పుట్టిన విరుగుడును తీసి శుద్ధి చేస్తారు. వంద ఏళ్లకు పైగా అదే పద్ధతి. వానాకాలం వరి మడిలో దిగే ప్రతి రైతూ గుర్రానికి ఎంతో కొంత బాకీ.

ఇక భూముల గొడవ. తమిళనాడు సర్కారు 2024 సెప్టెంబర్‌లో కిరాయి బకాయిల పేరుతో గిండీ రేస్‌కోర్సు ఉన్న 160 ఎకరాలను వెనక్కి తీసుకుంది. ముంబై మహాలక్ష్మిలో 211 ఎకరాలకు 120 ఎకరాలు పార్కు కోసం నగరపాలికకు పోయాయి. నగరం నడిబొడ్డున మెట్రో స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న మలక్‌పేట మైదానానికీ ఆ ప్రశ్న ఒక రోజు ఎదురవుతుంది. అప్పుడు గుర్రాల గతేమిటో, సైసుల కుటుంబాల గతేమిటో ఇప్పటినుంచే రాసి పెట్టుకోవాలి.

చివరగా జిల్లా పేజీ. కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ఎడిషన్లలో పందెం వార్త వచ్చేది ఒకే రూపంలో: ఫోన్లో బెట్టింగ్ ఆడి అప్పులపాలై ప్రాణం తీసుకున్న యువకుడు. నాలుగు వరుసలు, ఒక పాస్‌పోర్ట్ ఫొటో. ఆ పందెం గుర్రాలదో క్రికెట్‌దో రంగుల చక్రానిదో కూడా చాలాసార్లు రాయరు. అప్పు ఎవరిచ్చారు, యాప్ ఎవరిది, పైసలు ఏ ఖాతాలోకి పోయాయి, ఏదీ ఉండదు. బెట్టింగ్ ప్రకటనలు వేయొద్దని కేంద్ర సమాచార శాఖ 2022 జూన్‌లోనే పత్రికలకు చెప్పింది. లండన్ ‘గార్డియన్’ 2023లో ఎవరూ చెప్పకుండానే జూదం ప్రకటనలు మానేసింది. బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన నటుల మీద 2025 మార్చిలో హైదరాబాద్ పరిసరాల్లో కేసులు పెట్టారు. ఆగస్టులో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఇంత జరిగాక కూడా చావు వార్త నాలుగు వరుసలు దాటకపోతే అది పత్రికల తప్పే.

కాబట్టి తెలుగు పత్రికల సంపాదకులకు ఒక విన్నపం. పందేల చిట్కాలు మాకొద్దు, డివిడెండ్లు వేయొద్దు. మలక్‌పేటకు ఒక విలేకరిని పంపండి. ఏటా ఎన్ని గుర్రాలు పరుగు మానుతున్నాయి, అవి ఎక్కడికి పోతున్నాయి, ఎన్ని గాయపడుతున్నాయి, సైసుకు జీతమెంత, పన్ను ఎంత వచ్చింది, ఎంత పందెం లెక్కలోకి రాకుండా జారిపోయింది, ఈ వివరాలు క్లబ్బునూ సర్కారునూ అడిగి ఏడాదికి ఒక్కసారైనా అచ్చేయండి. ఆ అచ్చును గంభీరావుపేట దాకా పంపండి.

చదివేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా ఫోన్ పందేల్లో చిక్కుకున్నారని తెలిస్తే పరువు కోసం దాచకండి. పైసలు మోసపోతే వెంటనే సైబర్ క్రైం నంబర్ 1930కి చెప్పండి. మనిషి కుంగిపోతున్నాడనిపిస్తే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు, రాత్రయినా పలుకుతారు.